ఎయిర్‌షోకి ఏ టెలీ లెన్స్: 100-400 ఆ, 150-600 ఆ?

కిట్‌బ్యాగ్:
నమస్కారం అండీ. కెమెరా బాడీ కెనాన్ 90డీ, ఉన్న లెన్స్ 55-250 ఎంఎం ఎస్‌టీఎం. ఎయిర్‌షోల కోసమే ఒక పెద్ద లెన్స్ తీసుకుందామని ఉంది. జెట్‌లు, హెలికాప్టర్లు, ప్రొపెల్లర్ విమానాలు, 9 విమానాల ఫార్మేషన్, అన్నీ తీయాలి. ట్రైపాడ్ వాడను, చేత్తోనే. లిస్టులో ఉన్నవి సిగ్మా 100-400 కంటెంపరరీ, సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ ఈఎఫ్ 100-400 రెండో వెర్షన్, సిగ్మా 150-600 కంటెంపరరీ. 600 లేకపోతే విమానం చీమంత కనిపిస్తుందని కొందరు, 400 చాలని కొందరు. ఎఫ్/2.8 (వెలుగు ఎక్కువ రానిచ్చే పెద్ద అపర్చర్) కాకపోతే దండగ అన్నవాళ్ళూ ఉన్నారు. ఏం తీసుకోమంటారు?

డిస్‌ప్లేలైన్:
ముందు దూరం లెక్క చూడండి, సగం గొడవ అక్కడే తేలిపోతుంది. విమానాలు ఇష్టమొచ్చినంత దగ్గరికి రావు. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధనల ప్రకారం ప్రేక్షకుల గీతకీ విన్యాసాల గీతకీ మధ్య విమానం వేగాన్ని బట్టి 500, 1000 లేదా 1500 అడుగులు ఉండాలి. వేగంగా పోయే జెట్‌లకి 1500, అంటే 457 మీటర్లు. మిగతా దేశాల్లో అంకెలు మారతాయి, పద్ధతి మాత్రం ఇలాంటిదే.

90డీ సెన్సర్ వెడల్పు 22.3 ఎంఎం. దాన్ని ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ పేరులోని ఎంఎం అంకె) భాగించి, దూరంతో గుణించండి. ఫ్రేమ్‌లో ఎన్ని మీటర్లు పడతాయో వస్తుంది. 457 మీటర్ల దగ్గర 250 ఎంఎంకి సుమారు 41 మీటర్లు, 400కి 25.5, 600కి 17. ఎఫ్-16 పొడవు 15 మీటర్లు. అది అడ్డంగా పోతుంటే 250లో ఫ్రేమ్‌లో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, 400లో దాదాపు 60 శాతం, 600లో 88 శాతం ఆక్రమిస్తుంది. 88 వినడానికి బాగానే ఉంటుంది కానీ, అంత వేగంలో ప్యాన్ చేస్తూ (కెమెరాని విమానంతో పాటు తిప్పుతూ) దాన్ని సరిగ్గా మధ్యలో పట్టి ఉంచడం ఎవరికీ సాధ్యం కాదు. ముక్కో తోకో తెగుతుంది. సుఖోయ్-30 అయితే పొడవే 22 మీటర్లు, 600లో అసలు పట్టదు. అంటే 150-600 కొన్నా జెట్ పాస్‌లని 350-450 మధ్యలోనే తీస్తారు.

నెమ్మదిగా పోయే చిన్న విమానాలు ఇంకా దగ్గరికి వస్తాయి. 500 అడుగులు, అంటే 152 మీటర్ల దగ్గర 400 ఎంఎంకి 8.5 మీటర్లు పడతాయి. 6 మీటర్ల బైప్లేన్ ఫ్రేమ్‌ని 70 శాతం నింపేస్తుంది.

600 నిజంగా అక్కరకొచ్చేది జెట్ నిట్టనిలువుగా పైకి వెళ్ళిపోయాక, దూరంగా తిరిగి ఎదురుగా వస్తున్నప్పుడు, లేదా కాక్‌పిట్‌లో పైలట్ హెల్మెట్ కనపడాలనుకున్నప్పుడు.

అందరూ మర్చిపోయేది జూమ్ చిన్న చివర, అంటే తక్కువ ఎంఎం వైపు. పొగ వదులుతూ 9 విమానాలు విచ్చుకునేటప్పుడు 200 మీటర్ల మేర పరుచుకున్నాయనుకోండి. అదే దూరం నుంచి అంతా పట్టాలంటే 51 ఎంఎం కావాలి. 100 దగ్గర పట్టేది 102 మీటర్లు, 150 దగ్గర 68 మాత్రమే. దగ్గరదగ్గరగా ఎగిరే డైమండ్ 100లో పడుతుంది, 150లో అంచులు ఇరుకైపోతాయి. విచ్చుకోవడం రెండింట్లోనూ పట్టదు. కాబట్టి ఏది కొన్నా 55-250 అమ్మకండి. నా ఓటు 100-400కే.

రోటర్‌డిస్క్:
ఎఫ్/2.8 మాట పక్కన పెట్టేయండి. నిండు ఎండలో ఎఫ్/16, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100 అయితే షట్టర్ దాదాపు 1/100 సెకను. అదే వెలుగులో ఎఫ్/8, ఐఎస్ఓ 400 పెడితే 1/1600 వస్తుంది. జెట్‌కి అంతకన్నా ఏం కావాలి? సాయంత్రం పొద్దుపోయాక, రాత్రి షోలకి తప్ప పెద్ద అపర్చర్‌తో పనిలేదు.

ప్రొపెల్లర్ విమానాలకైతే సమస్య తిరగబడుతుంది, వెలుగు ఎక్కువైపోతుంది. నిమిషానికి 2400 చుట్లు తిరిగే ప్రొపెల్లర్ సెకనుకి 40 చుట్లు. 1/1000లో అది తిరిగేది 14 డిగ్రీలే, ఫొటోలో ఇంజన్ ఆగిపోయి విమానం గాల్లో వేలాడుతున్నట్టు ఉంటుంది. 1/160లో పావు చుట్టు, 1/80లో సగం. రెండు బ్లేడ్లుంటే 1/80లో పూర్తి డిస్క్ కనిపిస్తుంది. హెలికాప్టర్ పెద్ద రోటర్ ఇంకా నెమ్మది. నిమిషానికి 300 చుట్లు అనుకుంటే 1/60లో 30 డిగ్రీలే. నాలుగు బ్లేడ్ల రోటర్‌కి పూర్తి డిస్క్ రావాలంటే 1/20 పెట్టాలి, 400 ఎంఎంలో చేత్తో అది లాటరీ. 1/60 నుంచి 1/100 మధ్య రాజీ పడండి, బర్స్ట్ (వరసగా ఫొటోలు) పొడుగ్గా కొట్టండి, చాలా ఫ్రేములు డిలీట్ చేయాల్సి వస్తుందని ముందే సిద్ధపడండి.

1/125 దగ్గర ఎండలో ఐఎస్ఓ 100 పెట్టినా అపర్చర్ ఎఫ్/14 దాకా పోతుంది. అప్పుడు సెన్సర్ మీద దుమ్మంతా నీలాకాశంలో నల్లచుక్కలై తేలుతుంది. షోకి ముందు ఎఫ్/16లో ఖాళీ గోడని తీసి చూసుకుని, సెన్సర్ శుభ్రం చేయించుకోండి.

లెన్స్ బరువు తేడా తెలిసేది కూడా ఈ నెమ్మది షట్టర్లలోనే. సిగ్మా 100-400 సుమారు 1160 గ్రాములు, కెనాన్ అడుగున ఉన్న ట్రైపాడ్ కాలు తీసేస్తే 1570, సిగ్మా 150-600 కంటెంపరరీ 1930. అదే సిగ్మా స్పోర్ట్ వెర్షన్ 2860, చేత్తో అంటే దాని జోలికే పోవద్దు. వీటికి 90డీ బరువు 700 గ్రాములు కలపండి. 15 నిమిషాల డిస్‌ప్లేలో చివరి 5 నిమిషాలు చేతులు వణకడం మొదలైతే ఏ స్టెబిలైజరూ (లెన్స్‌లో చేతి వణుకుని సరిచేసేది) ఆదుకోదు.

స్టెబిలైజర్ అడ్డంగా పోయే పాస్‌లకి మోడ్ 2లో ఉంచండి. అది ప్యాన్ దిశని వదిలేసి పైకీ కిందకీ ఊగడాన్నే సరిచేస్తుంది. లూపులు, రోల్స్ మొదలయ్యాక దిశ క్షణక్షణం మారుతుంది కాబట్టి మోడ్ 2 తికమకపడొచ్చు. కెనాన్ రెండో వెర్షన్‌లో ఉన్న మోడ్ 3 షట్టర్ తెరుచుకున్నప్పుడే పనిచేస్తుంది, వ్యూఫైండర్‌లో బొమ్మ లాగినట్టు అనిపించదు. సిగ్మా 100-400లో మోడ్ 3 లేదు. 1/1600లో తీస్తుంటే నేనైతే ఆఫ్ చేసేయమంటాను, దీని మీద ఇక్కడ చాలామంది ఒప్పుకోరు.

కిట్‌బ్యాగ్:
ఇద్దరికీ థాంక్స్. కెనాన్ 100-400 తీసుకుని 1.4 కన్వర్టర్ (ఫోకల్ లెంగ్త్‌ని 1.4 రెట్లు చేసే జత గ్లాసు) తగిలిస్తే 560 వస్తుంది కదా, రెండూ కలిసొస్తాయా? సెకండ్ హ్యాండ్‌లో ఏమేం చూడాలి? యూవీ ఫిల్టర్ ఉంచాలా?

పాతగాజు:
కన్వర్టర్‌తో ఒక స్టాప్ (అంటే సగం వెలుగు) పోయి 560 దగ్గర ఎఫ్/8 అవుతుంది. వ్యూఫైండర్‌లో పనిచేసే ఫోకస్ పాయింట్లు తగ్గుతాయి, ఫోకస్ నెమ్మదిస్తుంది, పైగా చిన్న చివర 140కి పోతుంది. దానికన్నా క్రాప్ మేలు. 32.5 మెగాపిక్సెల్ ఫొటోని 560 ఫ్రేమింగ్‌కి కోస్తే ఇంకా 16.5 మెగాపిక్సెల్ దాకా మిగులుతుంది.

ఫిల్టర్ తీసేయండి. చవక యూవీ గ్లాసు 50 ఎంఎంలో చేసే చెరుపు కనపడదు, 400లో మొత్తం మెత్తబడిపోతుంది. హుడ్ చాలు. పోలరైజర్ కూడా వద్దు. ఒకటిన్నర స్టాప్ దాకా తినేస్తుంది, పైగా కాక్‌పిట్ మీది ప్లాస్టిక్ కనోపీలో ఇంద్రధనుస్సు చారలు తేలతాయి.

సెకండ్ హ్యాండ్ లెన్స్‌కి వెనక క్యాప్ తీసి, అపర్చర్ తెరిచి ఉండగా మొబైల్ టార్చ్ ఒక పక్క నుంచి వేసి రెండో పక్క నుంచి చూడండి. నాలుగైదు దుమ్ము రేణువులు లెక్కలోకి రావు. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే ఫంగస్, లోపల పలచటి పొగలా ఉంటే హేజ్, రెండిట్లో ఏదున్నా వదిలేయండి. జూమ్ రింగ్ తిప్పితే ఇసుక నలిగినట్టు ఉండకూడదు. పూర్తిగా బయటికి తీసి ముందు గొట్టాన్ని మెల్లగా అటూ ఇటూ కదపండి, కొద్ది లూజు మామూలే, టకటకలాడితే దెబ్బ తిన్నదని అర్థం. కెనాన్‌కి జూమ్ బిగువు మార్చే రింగ్ ఉంటుంది, దాన్ని వదులు చేశాకే ఈ పరీక్ష చేయండి.

తర్వాత 400, ఎఫ్/5.6లో దూరంగా ఉన్న చదునైన గోడని సరిగ్గా ఎదురు నుంచి తీసి నాలుగు మూలలూ 100 శాతంలో పోల్చండి. అన్నీ కొద్దిగా మెత్తగా ఉంటే ఆ లెన్స్ తీరే అంత. ఒక్క మూలే మెత్తగా ఉంటే లోపల గ్లాసు పక్కకి జరిగిందన్నమాట, అది సెట్టింగులతో బాగుపడేది కాదు. ఈ పరీక్ష మధ్యాహ్నం తారు రోడ్డు మీదుగా చేయకండి. వేడిగాలి అలలకి మంచి లెన్స్ కూడా చెడ్డదిలా కనిపిస్తుంది. షోలో రన్‌వే మీద టాక్సీ చేస్తున్న విమానాలు మెత్తగా వచ్చేదీ అందుకే, దానికి లెన్స్ మార్చి లాభం లేదు.

చివరగా లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ చూస్తూ) ఒకటి, వ్యూఫైండర్‌లో ఒకటి తీయండి. మొదటిది పదునుగా, రెండోది మెత్తగా ఉంటే తేడా ఫోకస్ క్రమాంకనంలో ఉంది, 90డీలో ఏఎఫ్ మైక్రో అడ్జస్ట్‌మెంట్‌తో సరిచేయొచ్చు. సిగ్మా అయితే యూఎస్‌బీ డాక్‌తో నాలుగు ఫోకల్ లెంగ్త్‌ల దగ్గర, ఒక్కోదానికి నాలుగు దూరాలకి విడివిడిగా దిద్దుకోవచ్చు.

క్రాస్‌విండ్:
డిస్‌ప్లేలైన్ గారి లెక్క జనం మధ్యలో, గీత ముందు నిలబడ్డవాళ్ళకి. చోటు ఒక చివర దొరికినా, బయట పొలంలోంచి తీసినా దూరం రెట్టింపవుతుంది. 900 మీటర్ల దగ్గర 400లో ఎఫ్-16 ఫ్రేమ్‌లో 30 శాతమే. ఎప్పుడూ బయటి నుంచే తీసేవాళ్ళకి 150-600 సరైన లెన్స్, 55-250 ఎలాగూ చేతిలో ఉంది కదా.

డిస్‌ప్లేలైన్:
నిజమే, బయటి నుంచైతే నేనూ 150-600 అంటాను. లోపలి నుంచైతే సిగ్మా 100-400, సెకండ్ హ్యాండ్ కెనాన్ పాతగాజు గారి పరీక్షలన్నీ నెగ్గితే అది. ఒక్కటి గమనించండి, సిగ్మాకి ట్రైపాడ్ కాలర్ (లెన్స్ చుట్టూ ఉండే కాలున్న రింగ్) ఉండదు, స్ట్రాప్ బాడీకే తగిలించాలి. కెనాన్‌కైతే లెన్స్ అడుగున ఉన్న కాలుకి తగిలించండి, మౌంట్ మీద భారం పడదు.

సెట్టింగుల మాటకొస్తే ఏఐ సర్వో (కదిలేవాటిని వెంబడించే ఫోకస్), జోన్ ఏఎఫ్ (ఒక పాయింట్ కాకుండా కొన్ని పాయింట్ల గుంపు), ఫోకస్ లిమిటర్ దూరపు రేంజ్‌లో. తెల్లని మబ్బు మీద విమానం నల్లగా వస్తుంది, ఎక్స్‌పోజర్ ప్లస్ 2/3 నుంచి ప్లస్ 1 స్టాప్ ఇవ్వండి. ముదురు నీలాకాశం అయితే సున్నా చాలు. మబ్బూ నీలమూ మారిమారి వస్తుంటే మాన్యువల్‌లో ఎఫ్/8, 1/1600, ఐఎస్ఓ 400తో మొదలుపెట్టి, మొదటి విమానం వెళ్ళగానే హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల గ్రాఫ్) చూసి దిద్దుకోండి. తెల్ల పెయింట్ విమానం వస్తుంటే మూడో వంతు స్టాప్ తగ్గించండి.