38 ఏళ్లకే రియర్ అడ్మిరల్: బీటీకి ఆ పదవి తగిందేనా?

లంగరు:
డేవిడ్ బీటీని 1910 జనవరి 1న బ్రిటిష్ నౌకాదళంలో రియర్ అడ్మిరల్‌ని (అడ్మిరల్ హోదాల్లో మొదటి మెట్టు) చేశారు. అప్పటికి ఆయనకు 39 నిండలేదు. కెప్టెన్‌గా సముద్రం మీద గడపాల్సిన కాలం పూర్తి కాకపోయినా ప్రత్యేక ఉత్తర్వు తెచ్చి మరీ ఇచ్చారు. 1919లో నౌకాదళానికే పెద్ద, ఫస్ట్ సీ లార్డ్. ఇదంతా పలుకుబడి చలవేనని నా అభిప్రాయం. మీరేమంటారు?

తెరచాప:
ఒప్పుకోనండీ. సూడాన్‌లో బ్రిటిష్ సేనాని కిచెనర్ సేనకు తోడుగా నైలు మీద గన్‌బోట్లు నడిపినందుకు 1898లో 27 ఏళ్లకే కమాండర్ అయ్యాడు. 1900లో చైనాలో బాక్సర్ తిరుగుబాటు. టియెంట్సిన్ దగ్గర చేతికి గాయమైనా మళ్లీ పోరులోకి దిగాడు, 29 ఏళ్లకే కెప్టెన్. షికాగో కోటీశ్వరుడు మార్షల్ ఫీల్డ్ కూతుర్ని పెళ్లాడింది ఆ తర్వాతే, 1901లో. అంతవరకూ వచ్చిన పదవులకు మామగారి డబ్బుతో సంబంధం ఏముంది?

లంగరు:
కెప్టెన్ వరకూ సరే. అడ్మిరల్ అయ్యాక అట్లాంటిక్ ఫ్లీట్‌లో పోస్టు ఇస్తే వద్దన్నాడు. ఇంకొకరైతే కెరీర్ అక్కడితో సరి. అప్పటి నౌకాదళ మంత్రి చర్చిల్ 1912లో తన నావల్ సెక్రటరీగా పెట్టుకుని, మరుసటి ఏడాది బ్యాటిల్ క్రూయిజర్ల (వేగంగా వెళ్లే పెద్ద యుద్ధనౌకలు) దళాన్ని అప్పగించాడు.

చరిత్రప్రియ:
పదవి ఎలా వచ్చిందన్నది నాకు రెండో మాట. వచ్చాక ఏం చేశాడో చూడాలి. 1916 మే 31, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, జర్మన్ నౌకాదళాలు తలపడ్డ జట్లండ్ పోరు. ఫిరంగులు వేగంగా పేలాలన్న ఆరాటంలో బ్యాటిల్ క్రూయిజర్లలో మందుగుండు గదుల తలుపులు తెరిచే ఉంచేవారు, కార్డైట్ (ఫిరంగుల్లో వాడే పేలుడు మందు) బయట పేర్చేవారు. ఇన్‌డిఫాటిగబుల్, క్వీన్ మేరీ పేలిపోయాయి. ఒక్కో ఓడలో వెయ్యి మందికి పైగా పోయారు. బీటీ ఎక్కిన లయన్‌లో క్యూ టరెట్‌కు (ఫిరంగులుండే గది) గుండు తగిలింది. చావుబతుకుల్లో ఉన్న మేజర్ ఫ్రాన్సిస్ హార్వే మందుగుండు గదిని నీటితో నింపమన్నాడు, ఓడ దక్కింది. ఆ ఓడలో కార్డైట్ విషయంలో కట్టుదిట్టం తెచ్చింది అలెగ్జాండర్ గ్రాంట్ అనే గన్నర్. ఒక గన్నర్‌కు పట్టిన జాగ్రత్త దళం మొత్తానికి పట్టేలా చూడాల్సింది ఎవరు?

తెరచాప:
జర్మన్ నౌకాదళాన్ని బ్రిటిష్ ప్రధాన నౌకాదళం నడిపిన జెలికో ముంగిట్లోకి లాక్కొచ్చింది కూడా బీటీయే కదా. అది చిన్న పనా?

చరిత్రప్రియ:
చిన్నది కాదు, ఆ ఘనత ఆయనదే. కానీ బీటీ కింద పనిచేసిన అడ్మిరల్ ఇవాన్-థామస్ నడిపిన, 15 అంగుళాల ఫిరంగులున్న నాలుగు యుద్ధనౌకలు మొదట్లోనే మైళ్ల దూరం వెనకబడ్డాయి. మలుపు సిగ్నల్ జెండాలతో ఇస్తే వాళ్లకు కనబడలేదు. బీటీ నడిపిన డాగర్ బ్యాంక్ పోరులో, 1915 జనవరిలోనూ సిగ్నల్ గందరగోళమే, జర్మన్ ఓడ బ్లూషర్ ఒక్కటి మునిగి మిగతా జర్మన్ ఓడలు తప్పించుకున్నాయి. అప్పుడు సిగ్నళ్లు చూసిన రాల్ఫ్ సీమోరే జట్లండ్‌లోనూ చూశాడు. ఇవాన్-థామస్ తన కిందికి వచ్చాక యుద్ధం దాకా బీటీ ఆయన్ని పిలిచి మాట్లాడలేదు. గన్‌బోటుకు ధైర్యం చాలు, దళానికి చాలదు. నా లెక్కలో 1910 నాటి ఆ ఉత్తర్వు తొందరపాటే.