చెరువు సెన్సర్లు విడిగా పలుకుతున్నాయి, ఒకే లైన్‌లో కలిపితే పలకడం లేదు. అడ్రస్‌లు ఎలా మార్చాలి?

కాళ్ళ నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారమండి. మాది కాళ్ళ మండలం, నాలుగు వనామీ రొయ్యల చెరువులు. రాత్రిళ్లు ఆక్సిజన్ చూసుకోవడానికి గట్ల మీద తిరగలేక చెరువుకొక డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) సెన్సర్ తెప్పించాం. నాలుగూ ఒకే మోడల్. ఆర్ఎస్-485 (లైన్ రకం), మోడ్‌బస్ ఆర్‌టీయూ (దాని మీద పరికరాలు మాట్లాడుకునే పద్ధతి) అని రాసి ఉంది. షెడ్డులో లాప్‌టాప్‌కి యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టి ఏ ఒక్కటి తగిలించినా రీడింగ్ చక్కగా వస్తోంది. రెండోది కలిపితే మొదటిదీ పోతోంది. ఒకసారి టైమౌట్ అంటుంది, ఒకసారి సీఆర్‌సీ (జవాబు చెడిందో లేదో చూసే లెక్క) ఎర్రర్ అంటుంది. అమ్మినాయన వైరు మార్చమంటున్నాడు. సెన్సర్ మీద స్విచ్‌లేమీ లేవు. తప్పు వైరుదా, సెన్సర్లదా? చెరువుల్లో రొయ్య పిల్ల వదిలి నెల దాటింది, టెన్షన్‌గా ఉందండి.

అమలాపురం నుంచి జవాబు

ఆయ్, వైరు జోలికి ఇప్పుడే వెళ్లకండి. విడిగా పలికి, కలిపితే ఆగిపోతున్నాయంటే ముందు అనుమానించాల్సింది అడ్రస్, అంటే లైన్‌లో ఒక్కో సెన్సర్‌ని పిలిచే నంబరు. ఫ్యాక్టరీ నుంచి ఇలాంటివన్నీ దాదాపు అడ్రస్ 1తోనే వస్తాయి. మీ లాప్‌టాప్ "1, రీడింగ్ చెప్పు" అంటే నాలుగూ ఒకేసారి జవాబిస్తాయి. పెళ్లి పందిట్లో "బావా" అని పిలిస్తే పదిమంది పలికినట్టు. ఆ రెండు తీగల మీద జవాబులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి సీఆర్‌సీ లెక్క తప్పుతుంది.

అన్నిటినీ లైన్ నుంచి తీసేయండి. ఒక్క సెన్సర్‌ని టేబుల్ మీద కన్వర్టర్‌కి తగిలించి, అడ్రస్ 1తో రీడింగ్ వస్తోందని చూసుకోండి. తర్వాత దాని మాన్యువల్‌లో "డివైస్ అడ్రస్" అనే రిజిస్టర్ (సెన్సర్ లోపల విలువ దాచుకునే గడి) నంబరు వెతకండి. అది కంపెనీకో రకంగా ఉంటుంది, ఇంకో సెన్సర్ నంబరు చూసి కొట్టకండి. మాన్యువల్‌లో 40001 అని ఉంటే చాలా సాఫ్ట్‌వేర్లలో 0 అని ఇవ్వాలి, 40002 అయితే 1. ఈ ఒక్క అంకె తేడాతో వేరే రిజిస్టర్‌లో రాసేసే ప్రమాదం ఉంది, అందుకని ముందు ఆ రిజిస్టర్‌ని ఫంక్షన్ 03 (చదివే ఆదేశం)తో చదవండి. 1 అని వస్తే సరైన చోటే ఉన్నట్టు. అప్పుడు ఫంక్షన్ 06 (రాసే ఆదేశం)తో కొత్త అడ్రస్ రాయండి. కరెంటు తీసి, కాసేపాగి మళ్లీ ఇచ్చి, కొత్త అడ్రస్‌తో పలుకుతోందో లేదో చూడండి. పలికాకే దాని కేబుల్‌కి చెరిగిపోని లేబుల్ కట్టి పక్కన పెట్టి, రెండోది తీయండి.

మోడ్‌బస్‌లో పరికరాలకి 1 నుంచి 247 దాకా ఇవ్వవచ్చు. 0 మాత్రం అందరికీ కలిపి చెప్పేది, దానికి ఎవరూ జవాబివ్వరు. నాలుగూ లైన్‌లో ఉండగా 0కి గాని 1కి గాని "నీ అడ్రస్ 11" అని రాశారంటే నాలుగూ 11 అయిపోతాయి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. మీ లైన్‌లో 1 అడ్రస్ ఎవరికీ ఇవ్వకండి. పంట మధ్యలో ఒక సెన్సర్ పోతే కొత్తది 1 అడ్రస్‌తోనే వస్తుంది. అక్కడ 1 ఖాళీగా ఉంటే నేరుగా లైన్‌కి కలిపి, మిగతావి ఆపకుండానే దాని అడ్రస్ మార్చుకోవచ్చు. 1 మీద ఇప్పటికే ఒకటి కూర్చుని ఉంటే అర్ధరాత్రి గట్టు మీద టార్చ్ పట్టుకుని ఒక్కొక్కటీ ఊడదీయాలి. ఒకటో చెరువుకి 11, రెండోదానికి 12, అలా 14 దాకా ఇవ్వండి. స్పీడ్ ఫ్యాక్టరీ ఇచ్చినదే (మామూలుగా 9600 లేదా 4800) ఉంచేయండి, కొత్తది వచ్చినా లైన్‌తో కలుస్తుంది.

కాళ్ళ

చాలా థాంక్సండి. ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) ఆన్ చేయడానికి ఒక రిలే మాడ్యూల్ (లైన్ మీద చెబితే పనిచేసే స్విచ్) కూడా ఉంది. దాని మీద 5 చిన్న స్విచ్‌లున్నాయి. దానికేం ఇవ్వాలి? ఇంకోటి, షెడ్డు నుంచి నాలుగు చెరువులకీ విడివిడిగా నాలుగు వైర్లు లాగాం. పర్లేదా?

అమలాపురం

రిలేకి 21 ఇవ్వండి. స్విచ్‌ల విలువలు మామూలుగా వరసగా 1, 2, 4, 8, 16. 21 అంటే 16, 4, 1 కలిస్తే వస్తుంది కాబట్టి 1, 3, 5 స్విచ్‌లు ఆన్. కొన్ని మాడ్యూళ్లు కరెంటు ఇచ్చినప్పుడే స్విచ్‌లు చదువుతాయి, కాబట్టి మార్చాక ఒకసారి కరెంటు తీసి మళ్లీ ఇవ్వండి. రిలేకి ఏరేటర్ మోటారు నేరుగా ఇవ్వకండి, కాంటాక్టర్ (మోటారు కరెంటుని మోసే పెద్ద స్విచ్) కాయిల్ మాత్రమే ఇవ్వాలి.

పాలకొల్లు నుంచి

వైర్ల సంగతి నేను చెబుతానండి, మా వైపు చెరువుల్లో ఈ పని చేస్తుంటాను. షెడ్డు నుంచి నాలుగు కొమ్మలుగా లాగింది మార్చుకోండి. ఆర్ఎస్-485కి ఒకే లైన్ కావాలి. షెడ్డు నుంచి ఒకటో చెరువుకి, అక్కడి నుంచి రెండోదానికి, అలా గట్టు వెంట చివరిదాకా. రెండు కొసల్లోనే 120 ఓమ్ రెసిస్టర్, మధ్యలో వద్దు. 9600 స్పీడ్‌లో 1200 మీటర్ల దాకా పోతుంది, మీకు చాలు. మెలి తిప్పిన జత ఉన్న షీల్డ్ కేబుల్ వాడి, ఎ, బి తీగలతో పాటు గ్రౌండ్ తీగ కూడా కలపండి. షీల్డ్‌ని షెడ్డు వైపు మాత్రమే ఎర్త్ చేయండి. ఏరేటర్ల త్రీఫేజ్ కేబుల్ ఉన్న పైపులో ఇది దూర్చకండి. ఏ సెన్సరైనా అసలు పలకకపోతే ఎ, బి తారుమారు చేసి చూడండి, ఆ పేర్లు అన్ని కంపెనీలూ ఒకేలా రాయవు. మన ఉప్పుగాలికి జాయింట్లు పచ్చబడిపోతాయి, నీళ్లు దూరని బాక్సులో పెట్టి గట్టుకి ఎత్తుగా బిగించండి.

అన్నిటికంటే ముఖ్యం, సెన్సర్ పలకకపోతే ఏరేటర్లు ఆగిపోయేలా పెట్టకండి, తిరిగేలా పెట్టండి. తెల్లవారుజామునే చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. రాత్రంతా నాచూ రొయ్యా కలిసి వాడేస్తాయి కదా. అప్పుడే లైన్ పోయిందనుకోండి, నాలుగు రూపాయల కరెంటు ఎక్కువ కాలినా నష్టం లేదు, ఏరేటర్ ఆగితే పంటే పోతుంది. కాంటాక్టర్ కాయిల్‌ని రిలేలో నార్మల్లీ క్లోజ్డ్ (రిలే పనిచేయనప్పుడు కలిసి ఉండే) కాంటాక్ట్ ద్వారా ఇస్తే మాడ్యూల్ చచ్చినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. జవాబు రాకపోతే రిలే వదిలేయమని ప్రోగ్రామ్‌లో కూడా రాయించండి.

కాళ్ళ

11, 12, 14 అయిపోయాయండి. మూడోది మాత్రం 13 తీసుకుంటోంది, కరెంటు తీసి వేస్తే మళ్లీ 1కే పోతోంది.

అమలాపురం

రాసింది మెమరీలో సేవ్ కాలేదు. అదే మోడల్ అన్నారు కాబట్టి లోపల ప్రోగ్రామ్ వెర్షన్ వేరై ఉండొచ్చు. మాన్యువల్‌లో "సేవ్" అనో "అన్‌లాక్" అనో ఇంకో రిజిస్టర్ ఉందేమో చూడండి. అన్‌లాక్ అయితే ముందు దాంట్లో చెప్పిన విలువ రాసి, తర్వాత అడ్రస్ రాయాలి. సేవ్ అయితే అడ్రస్ రాశాక చివర్లో. అయినా నిలవకపోతే వెనక్కిచ్చేయండి, కరెంటు పోయిన ప్రతిసారీ 1 అయ్యే సెన్సర్ చెరువులో పనికిరాదు.

కాళ్ళ

అన్‌లాక్ రిజిస్టర్ ఉందండి, చివరి పేజీలో. రాశాక 13 నిలిచింది. నాలుగూ, రిలే కలిపి టేబుల్ మీద పలుకుతున్నాయి. రేపు కేబుల్ తెచ్చి గట్టు వెంట ఒకే లైన్ లాగిస్తాం. పాలకొల్లు వారూ, ఆ 120 ఓమ్ షెడ్డు వైపు కన్వర్టర్‌లోనే ఉంటుందంటున్నారు, ఎలా తెలుస్తుంది?

పాలకొల్లు

కన్వర్టర్‌కి కరెంటు లేకుండా, లైన్ ఊడదీసి, ఎ, బి మధ్య మల్టీమీటర్ పెట్టండి. 120కి దగ్గర్లో చూపిస్తే లోపల ఉన్నట్టే, ఇంకోటి పెట్టక్కర్లేదు. లైన్ మొత్తం పూర్తయ్యాక, కరెంటు ఇవ్వకముందు మళ్లీ కొలవండి. రెండు కొసలూ కలిసి 60 దగ్గర రావాలి. 40 వస్తే మధ్యలో ఏ సెన్సర్‌లోనో మూడోది దాక్కుని ఉంది, వెతికి తీసేయండి.