సరైన పని చేస్తేనే మోగే వార్నింగ్‌ని పైలట్ ఎలా నమ్మాలి?

2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తూ అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 గురించి చదువుతున్నాను. 228 మంది పోయారు. వేగాన్ని కొలిచే పిటో గొట్టాల్లో మంచు చేరి వేగం రీడింగులు తప్పాయి, ఆటోపైలట్ ఆగింది. అంతవరకు అర్థమైంది.

ముక్కు బాగా పైకి లేచి, కొలిచిన వేగం 60 నాట్ల కిందికి పడితే స్టాల్ వార్నింగ్ (రెక్కలు విమానాన్ని మోయలేకపోతున్నాయనే హెచ్చరిక) ఆగిపోయిందట. స్టాల్ నుంచి బయటపడాలంటే ముక్కు దించాలి, కానీ అలా దించితే మళ్లీ మోగిందట! పైగా ఆ ఎయిర్‌బస్‌లో ఇద్దరు పైలట్లు విమానాన్ని నడిపే రెండు స్టిక్‌లూ కలిసి కదలవు. ఒకరు వెనక్కి లాగుతుంటే పక్కవారి చేతికి తెలియదు. తాను వెనక్కి లాగుతున్నానని ఆ పైలట్ నోటితో చెప్పేసరికి ఆలస్యమైపోయింది. చాలా బాధగా ఉంది.

పైలట్లు, శిక్షకులు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఇలాంటప్పుడు ముందు ఏం చూడమని, ఒకరితో ఒకరు ఏం చెప్పుకోమని ఇప్పుడు నేర్పుతున్నారు?