పపువా న్యూ గినీ పల్లెలకు మిషన్ ట్రిప్: అక్కడ రోజులు ఎలా గడుస్తాయి? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

మొదటిప్రయాణం:

అందరికీ వందనాలు. మా చర్చి సంఘం నుంచి ఎనిమిది మందిమి మూడు వారాలకి పపువా న్యూ గినీ వెళ్తున్నాం. నేను స్టాఫ్ నర్సుని, ఆరేళ్ల అనుభవం ఉంది, కానీ దేశం దాటడం ఇదే మొదటిసారి. ముందు పోర్ట్ మోర్స్‌బీ, అక్కడి నుంచి వెవాక్, తర్వాత గడ్డి రన్‌వే మీద దిగే బుల్లి విమానం, అది దిగాక సెపిక్ నది మీద మోటారు పడవలో ఐదారు గంటలు. ఊరికి రోడ్డు లేదు, కరెంటు లేదు. మా టీమ్ లీడర్ అన్న మంచివాడే కానీ ఏది అడిగినా "ప్రార్థన చెయ్యమ్మా, దేవుడు చూసుకుంటాడు" అంటాడు. ప్రార్థన చేస్తూనే ఉన్నాను, టాయిలెట్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

స్నానం ఎక్కడ చేస్తారు, నెలసరి టైమ్‌లో ఎలా, మలేరియా మాత్రలు నిజంగా అవసరమా, తినడానికి ఏం దొరుకుతుంది, ఇవన్నీ నా టెన్షన్లు. నర్సుని కదా అని ఒక పెట్టె నిండా మందులు తీసుకెళ్దామనుకుంటున్నాను, మా వార్డులో మిగిలినవి కూడా కొన్ని ఉన్నాయి. పైగా ఆదివారం నన్ను సాక్ష్యం, అంటే నా విశ్వాస అనుభవం, చెప్పమన్నారు. సువార్త విననివాళ్ల ముందు ఏం మాట్లాడాలో తెలియక రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఎవరైనా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

గడ్డిరన్‌వే:

వందనాలు సిస్టర్. నేను మూడుసార్లు వెళ్లాను, ఒకసారి నాలుగు నెలలు ఉన్నాను, అదీ సెపిక్ వైపే. పోర్ట్ మోర్స్‌బీ ఆ దేశానికి రాజధాని, కానీ అక్కడి నుంచి కొండ జిల్లాలకి గానీ వెవాక్‌కి గానీ రోడ్డు మార్గమే లేదు. ఇక మిగతాది మీరే ఊహించుకోండి. బుల్లి విమానం ఎక్కే ముందు సామాన్నే కాదు, మిమ్మల్ని కూడా తూస్తారు. అందరి ముందూ. సిగ్గుపడకండి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో పైలట్ ఆ తూకాన్ని బట్టే చెప్తాడు. పొద్దున్నే బయల్దేరదీస్తారు, ఎందుకంటే మధ్యాహ్నానికి మబ్బులు కమ్మేస్తాయి. వాన పడి రన్‌వే బురదైతే ఆ రోజు విమానం లేనట్టే. మేం ఒకసారి తిరుగు ప్రయాణంలో నాలుగు రోజులు రన్‌వే పక్కన కూర్చున్నాం, ఎక్కడో ఇంజను చప్పుడు వినిపించినప్పుడల్లా పిల్లలు అరుచుకుంటూ పరిగెత్తేవాళ్లు, అది ఇంకో ఊరికి వెళ్లిపోయేది. అందుకని వచ్చాక డ్యూటీలో చేరే రోజుని దగ్గరగా పెట్టుకోకండి.

రోజు ఎలా గడుస్తుందంటే, అసలు ఏమీ జరగనట్టే గడుస్తుంది. ఇల్లు కర్రల మీద ఎత్తుగా ఉంటుంది, కింద వంట పొగ, పందులు, కుక్కలు. తెల్లారకముందే కోళ్లు లేపేస్తాయి. భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి ఏడాది పొడవునా సాయంత్రం ఆరు దాటగానే చీకటి, ఆ తర్వాత సోలార్ దీపం చుట్టూ కూర్చుని కబుర్లే. మీరు వెళ్లిన రోజు నుంచి మీ కిటికీ దగ్గర పది తలకాయలు ఉంటాయి, పళ్లు తోముకున్నా చూస్తారు. ఒంటరిగా కూర్చుంటే పాపం ఒంట్లో బాలేదేమో అని ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చుంటారు. నాకు పాములకంటే, దోమలకంటే కష్టమనిపించింది ఇదే.

తిండి అంటే సాగో. చెట్టుని కొట్టి, లోపలి గుజ్జుని దంచి, నీళ్లు పోసి పిండితే కిందకి దిగే పిండి. దాన్ని అట్టులా కాలుస్తారు, లేదా వేడినీళ్లు పోసి జిగురు ముద్దలా చేస్తారు. చేపలతో పెడతారు. రుచీ పచీ ఉండదు, మూడో రోజుకి అలవాటవుతుంది. పెట్టిన మొదటి ముద్ద తినండి చాలు, ఆ ముద్ద వెనకాల ఆ ఇంటివాళ్ల ఒక రోజు పని ఉంది. నీళ్లు మాత్రం సలసల మరిగేలా ఒక నిమిషం కాచినవే తాగండి, మర్యాద కోసం కూడా పచ్చినీళ్లు తాగొద్దు.

ఇంకొకటి. టోక్ పిసిన్ ఇప్పుడే మొదలుపెట్టండి. ఆ దేశంలో 800కి పైగా భాషలు, అందరినీ కలిపేది ఇదే. తేలిక భాష, సగం ఇంగ్లిష్ మాటలే, కానీ అర్థాలు మారిపోతాయి. 'హౌస్ సిక్' అంటే ఆసుపత్రి. 'సావే' అంటే తెలుసు అని. 'బగరప్' అంటే పాడైపోయింది, మోటారుకీ అదే మాట, ఒంటికీ అదే మాట. 'సోరి' అంటే తప్పు చేశానని కాదు, అయ్యో పాపం అని. మన దగ్గరకి ఏడుస్తూ వచ్చినవాళ్లకి ఆ ఒక్క మాట నెమ్మదిగా చెప్పగలిగితే దుభాషీ లేకుండానే సగం పని అయిపోతుంది.

సెపిక్‌అక్క:

చెల్లీ, మగవాళ్లు చెప్పనివి నేను చెప్తాను. టాయిలెట్ అంటే గొయ్యి, చుట్టూ ఆకుల దడి, 'లిక్లిక్ హౌస్' అంటారు. రాత్రి వెళ్లాల్సి వస్తే తలకి పెట్టుకునే లైటు, పక్కన ఒక మనిషి. స్నానం నదిలోనే, ఒంటికి బట్ట చుట్టుకుని. కానీ సెపిక్‌లో మొసళ్లుంటాయి, కాబట్టి నీ అంతట నువ్వు దిగొద్దు, ఊరి ఆడవాళ్లు ఎక్కడ, ఏ వేళకి దిగుతారో వాళ్లతోనే వెళ్లు. బట్టలు వదులుగా, మోకాళ్లు దాటి. అక్కడివాళ్లు 'మెరి బ్లౌస్' అని ఒక వదులు చొక్కా వేసుకుంటారు, వెవాక్‌లోనే రెండు కొనుక్కో, అక్కడి డబ్బు కినాల్లో పెద్ద ఖర్చేం కాదు.

నెలసరి గురించి: చాలా ఊళ్లలో ఆ రోజుల్లో ఆడవాళ్లు మగవాళ్లకి వండిపెట్టరు, కొన్నిచోట్ల వేరే ఇంట్లో ఉంటారు. నువ్వు నమ్మాలని కాదు, తెలియక ఎవరి పొయ్యి దగ్గరకో వెళ్లి ఇబ్బంది పెట్టకూడదని చెప్తున్నాను. వెళ్లిన రోజే అక్కడి పాస్టరమ్మని చాటుగా అడిగెయ్. వాడిన ప్యాడ్లు పారేసే చోటు ఉండదు, మూత గట్టిగా పడే డబ్బా ఒకటి తీసుకెళ్లు.

మలేరియా మాత్రల విషయంలో ఆలోచించేది ఏం లేదు, వేసుకోవాల్సిందే. నువ్వు నర్సువి, నీకు చెప్పాలా? డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు, అటోవాక్వోన్-ప్రోగువానిల్ అయితే ఏడు రోజులు. నేను డాక్సీ వేసుకుని పడవలో ఎండకి కూర్చుంటే చేతులు కాలిపోయాయి, ఆ మందుకి ఎండ పడదు. మాత్రలు ఆపేశాక కూడా కథ అయిపోదు. అక్కడ ఫాల్సిపారమ్ రకం మలేరియా ఒక్కటే కాదు, వైవాక్స్ రకం కూడా ఎక్కువ. ఈ వైవాక్స్ కాలేయంలో దాక్కుని నెలల తర్వాత లేస్తుంది. నాకు తిరిగొచ్చిన ఐదో నెలలో వణుకుతో జ్వరం వచ్చింది, ట్రిప్ సంగతి నేను చెప్పలేదు, ఆసుపత్రిలో వాళ్లు అడగలేదు, మూడు రోజులు జ్వరం మాత్రలతో నెట్టుకొచ్చారు. చివరికి రక్తపరీక్షలో తేలింది. లోపల దాక్కున్నదాన్ని చంపడానికి ప్రైమాక్విన్ ఇచ్చారు, దానికి ముందు ఆ మందు నా ఒంటికి పడుతుందో లేదో చూసే జీ6పీడీ రక్తపరీక్ష చేయించారు. కాబట్టి ఏడాది లోపు ఏ జ్వరం వచ్చినా నోరు తెరవగానే "పపువా న్యూ గినీ వెళ్లొచ్చాను" అని చెప్పు.

నిక్కచ్చి:

కాస్త చేదుగా ఉంటుంది, ఏమనుకోవద్దు. నేనూ విశ్వాసినే. "సువార్త విననివాళ్లు" అన్నారు కదా, ఆ దేశంలో జనాభా లెక్కల్లో 95 శాతానికి పైగా క్రైస్తవులే. టోక్ పిసిన్‌లో కొత్త నిబంధన 1969లో, బైబిల్ మొత్తం 1989లో వచ్చేసింది. మీరు వెళ్లే ఊళ్లో మీ తాత వయసున్న సంఘపెద్ద ఉంటాడు, చెప్పులు లేకుండా ఒకటిన్నర రోజు నడిచి పక్క ఊళ్లో వాక్యం చెప్పి వచ్చే మనిషి. ఆయన ముందు మీ టీమ్ గిటార్ తీసుకుని నిలబడి 'చీకటిలో ఉన్న ప్రజలారా' అంటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. మనం భారంతో వెళ్తున్నాం అంటాం, ఎనిమిది మందికి మూడు వారాలు చేపలు పట్టి పెట్టే ఆ ఊరిమీద పడే భారం లెక్కలోకే రాదు.

అక్కడ మొదట దిగినవాళ్లలో ఎంతోమంది తెల్లవాళ్లు కూడా కాదు. 1875లో జార్జ్ బ్రౌన్ అనే మెథడిస్టు మిషనరీతో వచ్చి డ్యూక్ ఆఫ్ యార్క్ దీవుల్లో దిగిన బోధకులు ఫిజీ, సమోవా మనుషులు. 1878లో స్థానికులు కొందరు నలుగురు ఫిజీ బోధకుల్ని చంపేశారు, దానికి ప్రతీకారంగా బ్రౌనే దాడి నడిపించి ఊళ్లు తగలబెట్టించాడు. 2007లో ఆ చంపినవాళ్ల వారసులు ఫిజీ ప్రతినిధి ముందు నిలబడి క్షమాపణ అడిగారు. ఊళ్లు తగలబెట్టిన సంగతి మన ప్రసంగాల్లో నేనెప్పుడూ వినలేదు.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇది. అక్కడ చేతబడి నమ్మకం, 'సంగుమా', చాలా బలంగా ఉంది. వయసులో ఉన్నవాడు చనిపోతే ఎవరు చేశారని వెతుకుతారు, చాలాసార్లు వేలు ఒక ఆడమనిషి వైపే చూపిస్తుంది. 2013లో ఒక యువతిని జనం చూస్తుండగా సజీవంగా కాల్చేశారు. చేతబడి భయంతో చంపానని చెప్పి శిక్ష తగ్గించుకునే వీలున్న 1971 నాటి చట్టాన్ని ఆ ఏడాదే రద్దు చేశారు. మన టీముల్లో ఎవరో ఒక ఉత్సాహవంతుడు ఉంటాడు, "ఈ ఊరి మీద దురాత్మ పనిచేస్తోంది" అని ప్రార్థనలో కేకలు పెడతాడు. అతను మంగళవారం విమానం ఎక్కేస్తాడు. బుధవారం ఆ ఊరివాళ్లు ఎవరి ఇంటి వైపు చూస్తారు? మీ లీడర్ అన్నతో మాట్లాడాల్సింది టాయిలెట్ గురించి కాదు, దీని గురించి.

మందుల పెట్టె ఆలోచన మానేయండి. వార్డులో మిగిలినవి అంటున్నారు, వాటి గడువు తేదీలు చూశారా? అక్కడి నర్సింగ్ కౌన్సిల్ అనుమతి లేకుండా వైద్యం చేయడం మీ దగ్గర ఎంత తప్పో అక్కడా అంతే తప్పు. టూరిస్ట్ వీసాతో వెళ్లి పరిచర్య చేసేయొచ్చులే అనుకుంటే అది ఇంకో తప్పు.

గడ్డిరన్‌వే:

నిక్కచ్చి బ్రదర్ చెప్పిన సంగుమా మాట నూటికి నూరుపాళ్లు నిజం, నేను మర్చిపోయాను, తప్పు నాదే. కానీ వెళ్లడమే దండగ అన్నట్టు రాశారు, అక్కడ ఒప్పుకోను. మేమున్న ఊరి ఎయిడ్ పోస్టులో, అంటే చిన్న వైద్య కేంద్రంలో, ఒకే ఒక్క ఆరోగ్య కార్యకర్త. రెండేళ్లుగా బయటి నుంచి తన పని చూడ్డానికి ఎవరూ రాలేదట. మా టీమ్‌లో ఒక సిస్టర్ రోగుల్ని చూడలేదు, ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఆయన రిజిస్టరు చూసింది, ఆయన అడిగినవాటికి జవాబు చెప్పింది, అంతే. ఇప్పటికీ ఆయన సిగ్నల్ ఉన్న చోటకి నడిచివెళ్లి ఆమెకి మెసేజ్ పెడుతుంటాడు. నాలుగు నెలల్లో మేం కట్టిన చర్చి గోడ ఉంది చూశారూ, అది మేం వచ్చేశాక వాళ్లు పడగొట్టి మళ్లీ సరిగ్గా కట్టుకున్నారట!

మొదటిప్రయాణం:

అందరికీ థాంక్స్. మొదట నిక్కచ్చి గారి మాటలకి కోపం వచ్చింది, ఒక రోజు ఇటు రాలేదు. తర్వాత పెట్టె తెరిచి చూస్తే మూడు రకాల సిరప్‌లకి ఇంకో నెలే గడువుంది. మూసేశాను. దురాత్మల సంగతి లీడర్ అన్నకి ఫోన్‌లో చెప్పాను, చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఆ ఊరి పాస్టర్‌గారిని ముందే అడుగుదాం, ఆయన వద్దన్నవి చేయం" అన్నాడు. వీసా ఏ రకమో కూడా కనుక్కుంటానన్నాడు. ఎయిడ్ పోస్టులో స్టూలు నాకూ దొరుకుతుందేమో ఆయన ద్వారానే అడిగించాను.

సాక్ష్యం మూడు నిమిషాలకి కుదించాను, మా నాన్న పోయినప్పటి సంగతి ఒక్కటే చెప్తాను, తర్వాత వాళ్లని చెప్పమంటాను. టోక్ పిసిన్‌లో పేరు చెప్పడం వచ్చింది, "నేమ్ బిలోంగ్ మి" వరకు ధైర్యంగా అంటున్నాను, ఆ తర్వాత తడబాటే. ఈరోజు సామాను తూస్తే పదిహేనున్నర కిలోలు, మాకు పదిహేనే ఇచ్చారు. షాంపూ సీసా, రెండో జత బూట్లు తీసేశాను.

సెపిక్‌అక్క:

బూట్లు తీసేస్తే తీశావు, ఆ మూత డబ్బా మాత్రం తీసెయ్యకు.