అప్‌డేట్: వేరుశనగలో లేతాకులు తెల్లబడుతున్నాయని అడిగాను కదా, కారణం తెలిసింది

నెల కిందట అడిగింది నేనే. రబీ వేరుశనగలో చిగురాకులు పసుపెక్కి, అక్కడక్కడ కాగితంలా తెల్లబడుతున్నాయి, యూరియా చల్లినా తేరుకోలేదు అని.

యూరియా నా తొందరపాటే. నత్రజని చాలకపోతే ముందు కింది ముదురాకులు పండుతాయి. మాకు పోయినవి పైన లేతాకులు, అదీ ఈనెలు పచ్చగా ఉండగానే. మీలో ఇద్దరు ముగ్గురు చెప్పినట్టే ఇనుము లోపం.

మట్టి పరీక్షలో ఉదజని సూచిక (pH) 8.4 వచ్చింది, అంటే క్షార నేల, సున్నం కూడా ఎక్కువే. తమాషా ఏంటంటే నేలలో ఇనుము లేక కాదు, సున్నపు నేలలో అది కరగకుండా ఉండిపోతుంది. వేరుశనగ వేర్లు ఆమ్లం వదిలి దాన్ని కరిగించుకోవాలని చూస్తాయి, సున్నం ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది. పైగా నేను తడి మీద తడి ఇచ్చాను. నీళ్లు నిలిచిన మడుల్లోనే ఎక్కువ తెల్లబడింది.

లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం పూట కొట్టాను, వారం తర్వాత మళ్లీ. కొత్తాకులు పచ్చగా వస్తున్నాయి, టెన్షన్ తగ్గింది. మాడిపోయిన ఆకులు మాత్రం అంతే.

ఇంకో సంగతి. గట్టు వెంట మొక్కజొన్న సాలు పక్కనున్న వేరుశనగ పెద్దగా పసుపెక్కలేదు. మొక్కజొన్న వేర్లు ఇనుమును పట్టి కరిగించే పదార్థాన్ని వదులుతాయట, అది పక్క మొక్కకూ పనికొస్తుందట. వచ్చే ఏడు మధ్యమధ్యలో మొక్కజొన్న సాళ్లు వేసి చూస్తాను.