సెల్లార్ కాంక్రీటు గోడకు షెల్ఫ్ బిగించాలి, ప్లగ్గులు నిలవడం లేదు

ప్రశ్న:
సెల్లార్‌లో కాంక్రీటు గోడకు ఇనప బ్రాకెట్లు బిగించి, బరువైన పనిముట్లు పెట్టుకునే షెల్ఫ్ వేద్దామనుకున్నాను. మామూలు డ్రిల్లుకి 8 మి.మీ. బిట్ పెట్టి ఎంత నొక్కినా అంగుళం దిగేసరికి కొన నల్లబడిపోతోంది. దిగిన చోట ప్లాస్టిక్ ప్లగ్ పెడితే స్క్రూతో పాటు ప్లగ్గూ తిరుగుతోంది. గోడ కింది భాగంలో తెల్లటి పొడి కూడా రాలుతోంది. ఇంకా లావు ప్లగ్ వేయాలా, యాంకర్ బోల్టులకు వెళ్ళాలా?

జవాబు 1:
బ్రాకెట్లు, రెయిలింగులు బిగించడమే నా పని అండీ. ముందు హోల్ సరిగ్గా రావాలి, ప్లగ్ సైజు సంగతి తర్వాత. మామూలు డ్రిల్లు తిప్పుతుందే గానీ దెబ్బ కొట్టదు. కాంక్రీటులోని కంకర పగలాలంటే దెబ్బ పడాలి. ఎస్‌డీఎస్ బిట్ (వెనక కొసన గాడులుండే బిట్) పట్టే రోటరీ హామర్, అంటే తిప్పుతూనే దెబ్బ కొట్టే డ్రిల్లు, అద్దెకైనా తెచ్చుకోండి. దాన్ని గట్టిగా నొక్కక్కర్లేదు, నిటారుగా పట్టుకుంటే చాలు. మీరు బలమంతా పెట్టి నొక్కుతుంటే చెయ్యి ఊగి హోల్ వెడల్పవుతుంది, ప్లగ్ తిరగడానికి ఒక కారణం అదే.

రెండో కారణం పొడి. అది లోపలే ఉండిపోతే ప్లగ్గయినా బోల్టయినా పొడిని పట్టుకుంటుంది, కాంక్రీటును కాదు. హోల్ అయ్యాక సన్న గొట్టంతో ఊదండి, బ్రష్ పెట్టి తిప్పండి, మళ్ళీ ఊదండి. పొడి రావడం ఆగేదాకా వదలొద్దు. ఆ పొడిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు లేకుండా మొదలుపెట్టకండి.

హోల్ సైజు యాంకర్ ప్యాకెట్ మీద ఎంత రాసి ఉంటే అంతే. లోతు మాత్రం యాంకర్ దిగేదానికన్నా ఒక 10 మి.మీ. ఎక్కువ ఉంచి, బిట్‌కి అక్కడ టేపు చుట్టుకోండి. గోడకు ప్లాస్టరింగ్ ఉంటే ఆ మందం లెక్కలోకి రాదు. కాంక్రీటు మొదలైన చోటి నుంచే కొలవాలి.

మీ బరువుకి కాంక్రీట్ స్క్రూలు (ప్లగ్ లేకుండా నేరుగా కాంక్రీటులోకే దిగేవి) గానీ వెడ్జ్ యాంకర్లు గానీ వేయొచ్చు. వెడ్జ్ లోపల విచ్చుకుని చుట్టూ కాంక్రీటును నెడుతుంది, గోడ అంచు దగ్గర వేస్తే పెచ్చు ఊడుతుంది. నేనైతే స్క్రూలే వేస్తాను, కావాలంటే విప్పుకోవచ్చు. బ్రాకెట్ పై బోల్టు మీదే లాగుడు ఎక్కువ పడుతుంది, దాన్ని జాగ్రత్తగా బిగించండి. అది హాలో బ్లాక్ (లోపల బోలుగా ఉండే ఇటుక) గోడయితే మాత్రం ఇవేవీ కాదు, దానికి వేరే యాంకర్లుంటాయి.

జవాబు 2:
ఆ తెల్ల పొడి సంగతి ముందు చూడండి. గోడలోంచి నీళ్ళు వస్తూ ఉప్పును బయటికి తెస్తున్నాయి. ప్లాస్టిక్ షీటు ముక్కని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచండి. షీటు వెనక తడి పడితే చెమ్మ గోడలోంచి వస్తున్నట్టు. షీటు పైన పడితే గదిలో గాలి తేమ.

గోడలోంచే అయితే కింది భాగంలో డ్రిల్ చేయకండి, ముందు లీకేజీ ఆపించండి. గోడ పై భాగంలో వేసే స్క్రూలు, యాంకర్లు కూడా స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకోండి. చెక్క పెడితే గోడకు ఆనించకుండా కాస్త సందు వదలండి, లేకపోతే వెనక బూజు పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. షీటు ఇవాళే అంటిస్తాను. డ్రిల్లుకి లోపల ఊచ తగిలితే ఎలా?

జవాబు 1:
బిట్ ముందుకు కదలదు, శబ్దం మారిపోతుంది, అప్పుడే తెలుస్తుంది. ఊచని కోయకండి, గోడ బలం అదే. ఆ హోల్ వదిలేసి, దాని లోతుకు రెండింతల దూరంలో కొత్తది వేయండి. దగ్గరలోనే తప్పదంటే, పాతదాన్ని గట్టి గ్రౌట్ (సిమెంటు ముద్ద)తో నింపి, అది పూర్తిగా గట్టిపడ్డాక వేయాలి. బ్రాకెట్‌కి పొడవు స్లాట్లు ఉన్నవి కొంటే కాస్త జరుపుకోవడానికి వీలుంటుంది.