ఇంటి ముందు కానుగ చెట్టు – పక్కింటాయన కొట్టించేయమంటున్నాడు, ఏం చేయాలి?

కానుగనీడ
అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్ శివార్లలో ఒక కాలనీ, 30 అడుగుల రోడ్డు. మా గేటు పక్కన, ప్రహరీ బయట, పెద్ద కానుగ చెట్టుంది. మేం ఇల్లు కొనేనాటికే ఉంది. పక్కింటాయన ఈమధ్య పెద్ద కారు కొన్నాడు. దాన్ని పెట్టుకోవడానికి చెట్టు అడ్డమట. ఆకులు రాలి వాళ్ల సంపు మీద పడుతున్నాయట. పైగా కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయట. మనిషిని పిలిపించి కొట్టించేస్తానంటున్నాడు. నాకు మూడు సంగతులు తెలియాలి. రోడ్డు మీది చెట్టును అలా కొట్టించే హక్కు ఆయనకుందా? తీగల దగ్గరి కొమ్మలు ఎవరితో కొట్టించాలి, ఎంత అవుతుంది? సీసీ రోడ్డు వేసినవాళ్లు మాను దాకా కాంక్రీటు పోసిపోయారు, దాన్ని పగలగొడితే చెట్టుకేమైనా అవుతుందా?

బుల్లెట్_భాయ్
ముందు ఆయన్నొక మాట అడగండి. కారు పెట్టేది రోడ్డు మీదే కదా, రోడ్డేమైనా వాళ్ల అబ్బసొత్తా? మా వీధిలోనూ ఇదే కథ. చెట్టు పోయింది. ఇప్పుడా జాగాలో రెండు కార్లు, వాటి కోసం రోజూ రెండిళ్ల మధ్య తగువు.

రూలంటే_రూలే
హక్కు లేదు. వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది, రెండు రాష్ట్రాల్లోనూ. పేరులోనే నీరు, భూమి, చెట్లు మూడూ ఉన్నా జనానికి బోరుబావుల సంగతి ఒక్కటే గుర్తుంటుంది. జామాయిలు, సుబాబుల్, సరుగుడు లాంటి వాటికి మినహాయింపు ఉంది కానీ కానుగ కొట్టాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. సొంత పెరట్లోదైనా సరే. ఇదేమో రోడ్డు మీదిది. ఆయన మనిషిని పిలిచేలోపే ఫోటోలు తీసి, తేదీతో సహా ఒక అర్జీ రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి. కొట్టేశాక ఫిర్యాదు చేస్తే జరిమానా ఆయనకు, ఎండ మీకు.

లైన్‌మన్_గారబ్బాయి
రెండో ప్రశ్నకు నేను చెప్తాను, మా నాన్నగారి సర్వీసంతా స్తంభాల మీదే గడిచింది. తీగల దగ్గరి కొమ్మ మీద బయటి మనిషిని ఎక్కించకండి. పచ్చి కొమ్మలో కరెంటు పారుతుంది, పైన 11 కేవీ లైనుంటే తగలాల్సిన పని కూడా లేదు, దగ్గరికొస్తే చాలు. కరెంటు డిపార్టుమెంటు వాళ్లే ఎల్‌సీ, అంటే లైను ఆపడానికి అనుమతి, తీసుకుని, లైను ఆపి కొడతారు. వానాకాలం ముందు ఎలాగూ వస్తారు. ఆ రోజు మీరు ఇంట్లో ఉండి, కొమ్మలు పడే చోటుకు దూరంగా నిలబడి, ఏ కొమ్మ కొట్టాలో దగ్గరుండి చూపించుకోండి. మీరు లేకపోతే వాళ్ల తొందర వాళ్లది, సగం చెట్టు లేచిపోతుంది.

సీతమ్మధార_వాసి
సగం చెట్టు లేచిపోవడం గురించి విశాఖ వాళ్లనడగండి. తీగల వైపు ఏటా కొట్టుకుంటూ పోయారు, బరువంతా ఇళ్ల వైపు పడింది. రోడ్డు పక్కనేమో కేబుళ్ల కోసం కందకం తవ్వి, ఆ వైపు వేర్లన్నీ తెంపేశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చేసరికి ఇంకేం మిగులుతుంది? మా వీధిలో తురాయిలు వేళ్లతో సహా లేచి గోడల మీద పడ్డాయి. జనం గాలిని తిట్టుకున్నారు. పడిన చెట్ల మొదళ్లు నేను చూశాను. ఒకవైపు వేర్లు రంపంతో కోసినట్టు నున్నగా ఉన్నాయి.

తర్వాత పచ్చదనం మళ్లీ తెస్తామని ఊరంతా ఏడాకుల చెట్లు పెట్టారు. ఇప్పుడు అక్టోబరు, నవంబరు వస్తే సాయంత్రం కిటికీ తెరవలేం. ఆ పూల వాసనకు మా ఆవిడకు ఆయాసం, నాకు తలనొప్పి.

శాంతినికేతన్_పాత_విద్యార్థి
ఏడాకుల చెట్టును అంత మాటనకండి. విశ్వభారతి స్నాతకోత్సవంలో పట్టాతో పాటు ఇచ్చేది ఆ ఆకే. బెంగాల్ రాష్ట్ర వృక్షం అది.

సీతమ్మధార_వాసి
ఆకు ఇవ్వండి, కళ్లకద్దుకుంటాను. వీధికి వంద చొప్పున మా కిటికీల కింద పూయించకండి.

గేటెడ్_గోపన్న
ఇంత రాద్ధాంతం ఎందుకండీ? కానుగను తీసేసి ప్రహరీ వెంట కోనోకార్పస్ పెట్టండి. మా విల్లాల్లో అదే. ఏడాదంతా పచ్చగా ఉంటుంది, గోడ కట్టినట్టు పెరుగుతుంది, దుమ్ము లోపలికి రాదు, ఆకు రాలదు, మేక ముట్టదు. ఇంకేం కావాలి?

రూలంటే_రూలే
అయ్యా, అది విషపు చెట్టు. రాత్రిళ్లు కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. గుజరాత్ వాళ్లు 2023లోనే నిషేధించారు. తెలంగాణలోనూ నర్సరీల్లో పెంచొద్దన్నారు. మీరింకా విల్లాల్లోనే ఉన్నారు.

బోటనీ_మాస్టారు
చట్టం బాగా చెప్పారు, శాస్త్రం వదిలేయండి. రాత్రిళ్లు కార్బన్ డయాక్సైడ్ వదలని వీధి చెట్టు పేరు ఒకటి చెప్పండి. మీ కానుగ వదులుతుంది, వేప వదులుతుంది, గుళ్లో రావి కూడా వదులుతుంది. అది శ్వాసక్రియ. పగలు పీల్చుకునేదానితో పోలిస్తే అది కొంచెమే. కాలేజీలో 30 ఏళ్లు ఈ ముక్కే చెప్పి రిటైరయ్యాను, వాట్సాప్ వచ్చి ఒక్క రోజులో తుడిచేసింది.

పద్మావతి_అక్క
రావి చెట్టు రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తుందని మా గురువుగారు చెప్పారు. ప్రదక్షిణలు అందుకే పెట్టారట.

బోటనీ_మాస్టారు
ప్రదక్షిణ చేయండమ్మా, నడక మంచిదే. రావి మాత్రం రాత్రి ఆక్సిజన్ ఇవ్వదు.

పద్మావతి_అక్క
మీరు పుస్తకాల్లో చదివింది మీరు చెప్పారు, మా పెద్దలు చూసింది వాళ్లు చెప్పారు. వెటకారం దేనికి?

బుల్లెట్_భాయ్
పాపం, అడిగింది కానుగ గురించి 🙏

ఎడారి_పక్షి
కోనోకార్పస్ గురించి గల్ఫ్ వాళ్లనడగండి, చెప్తాం. నేను చాలా ఏళ్లు కువైట్‌లో ఉన్నాను. ఆ ఎండకు, ఉప్పు నీళ్లకు తట్టుకుని పెరిగేది అదొక్కటే కదాని రోడ్ల వెంట, కాంపౌండ్ల చుట్టూ పెట్టారు. మెయింటెనెన్స్ నా పనే. డ్రైనేజీ పొంగిందని మూత తీస్తే పైపు నిండా జడలాగా వేర్లు. సన్న పగులు దొరికితే చాలు, నీటి చెమ్మ వెతుక్కుంటూ లోపలికి దూరి అక్కడ లావెక్కుతాయి. వేర్లు కోసి, పైపు మార్చి, మళ్లీ కొన్నాళ్లకు అదే పని. విషం సంగతి నాకు తెలియదు. పైపుల సంగతి తెలుసు.

గేటెడ్_గోపన్న
మా దగ్గర ఏ పైపూ పగల్లేదు. ఏటా కత్తిరించి ఆరడుగుల్లో ఉంచుతాం. చేతగానివాళ్లు పెంచి, చెట్టునంటే ఎలా?

బోటనీ_మాస్టారు
దీని మీద ఇద్దరూ ఆవేశపడకండి. నేను దాన్ని సమర్థించడం లేదు. రాత్రి కార్బన్ డయాక్సైడ్‌తో గాలిని పాడుచేస్తుందన్న ఆరోపణ తప్పు, అంతే. దానిమీద చెప్పాల్సిన అసలు అభ్యంతరం వేరే ఉంది. అది మన నేలది కాదు, పురుగూ పిట్టా దాని జోలికి పెద్దగా పోవు. ఊరంతా ఒకే జాతి పెడితే ఒక్క తెగులొచ్చినా అన్నీ ఒకేసారి పోతాయి. మేక ముట్టదన్నారే, మున్సిపాలిటీలకు ముద్దొచ్చింది అందుకే. ట్రీగార్డు ఖర్చు లేదు, బతికిన మొక్కల లెక్క బాగా కనిపిస్తుంది. మరి మీ కానుగో? ఏప్రిల్, మేలలో పూసినప్పుడు తెల్లారి దాని కింద నిలబడి వినండి, తేనెటీగల హోరు. కింద పూలు మరమరాలు పోసినట్టు ఉంటాయి. చిక్కుడు కుటుంబం, వేరు బుడిపెలతో నేలకు నత్రజని ఇస్తుంది. ఆకు రాలేది ఎండలు ముదరక ముందు కొన్నాళ్లు, ఆ వెంటనే రాగి రంగు చిగురు. సరిగ్గా నీడ కావాల్సిన వేళకు గుబురైపోతుంది.

గేటెడ్_గోపన్న
మాస్టారూ, ఆ మరమరాలు ఊడ్చేది మీరా, మా వాచ్‌మనా?

రూలంటే_రూలే
విషం కాకపోతే ప్రభుత్వాలు ఊరికే నిషేధించాయా? మాస్టారికి అన్నీ తెలుసు, ప్రభుత్వాలకేమీ తెలియదు. బాగుంది.

బోటనీ_మాస్టారు
నేనన్నది మళ్లీ చదవండి. రెండోసారీ అర్థం కాకపోతే మూడోసారి చదవండి.

నిర్వాహకుడు
వ్యక్తిగత విసుర్లు ఆపండి. ఇకపై కోనోకార్పస్ పేరెత్తితే పోస్టు తీసేస్తాను.

వికారాబాద్_రోడ్డు
మీరు ఒక్క కానుగ కోసం కొట్టుకుంటున్నారు. చేవెళ్ల రోడ్డులో మర్రులు దాదాపు 900. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డు వెడల్పు కోసం వాటిని ఏం చేయాలన్న గొడవ ఎన్జీటీ (జాతీయ హరిత ట్రైబ్యునల్) దాకా వెళ్లింది. నేను రోజూ ఆ దారిలో బండి మీద పోయేవాణ్ని. చెట్లుండాలి అనే పట్నం వాళ్లు ఆదివారం కారులో వస్తారు, ఫోటోలు దిగుతారు. మాకేమో ఎదురుగా లారీ వస్తే పక్కకు దిగడానికి జాగా ఉండదు. చెట్టూ కావాలి, మనిషీ బతకాలి. చెట్లను వదిలి, పక్కనుంచి రోడ్డు తిప్పుదామంటే భూమి ఇచ్చేవాడెవడు?

బుల్లెట్_భాయ్
వేళ్లతో తవ్వి వేరేచోట నాటొచ్చు కదన్నా, క్రేన్లతో చేస్తున్నారుగా.

పాలమూరు_తోటమాలి
నాటడం తేలిక, బతికించడమే కష్టం. మర్రి, రావి కొమ్మ పాతినా చిగురించే జాతి కాబట్టి ఓర్చుకుంటాయి. వేప, చింత పెద్దయ్యాక కదిపితే చాలావరకు పోతాయి, వాటి వేరు లోతుకు దిగి ఉంటుంది. నాటిన రోజు కెమెరాలుంటాయి, ఆ వేసవి ట్యాంకరుండదు.

చెట్టుకు వైద్యమంటే మా పాలమూరు పిల్లలమర్రి చూడండి. ఏడు వందల ఏళ్ల చెట్టంటారు. 2018లో చెదలు తొలిచి కొమ్మలు కూలితే, సెలైను సీసాలు వేలాడదీసి మందు బొట్టుబొట్టుగా ఎక్కించారు. క్లోరిపైరిఫాస్, మామిడి తోటల్లో మేం వాడేదే. వంగిన కొమ్మల కింద ఊతాలు పెట్టారు. దేశమంతా ఆ సీసాల ఫోటోలే చూసింది. నాకు మాత్రం ఊతాలు నచ్చాయి.

కానుగనీడ గారూ, మీ మూడో ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. సిమెంటు తీసేయండి. 2013లో ఢిల్లీ చెట్ల కేసులో ఎన్జీటీ చెప్పింది కూడా అదే, మాను చుట్టూ మీటరు మేర కాంక్రీటు ఉండకూడదని. బ్రేకర్ మెషిన్ వద్దు, అదురుకు పై వేర్లు చితుకుతాయి. సుత్తీ ఉలీ చాలు. మాను నుంచి బయటికి కాదు, బయటి అంచు నుంచి లోపలికి పగలగొట్టుకుంటూ రండి. చివరి ముక్క బెరడుకు అతుక్కుని ఉంటే గుంజొద్దు, బెరడు లేచిపోతుంది, ఉండనివ్వండి. తర్వాత గడ్డపార వేయకుండా చేత్తో మట్టి గుల్ల చేసి, ఎండుటాకులు పరిచి, పాదు కట్టండి. మాను మొదలు చుట్టూ కొత్త మట్టి ఎత్తుగా పోయొద్దు, కుళ్లుతుంది. రాలిన ఆకులన్నీ అందులోనే వేస్తే మీ పక్కింటాయన సంపు గొడవా కొంత తగ్గుతుంది.

లైన్‌మన్_గారబ్బాయి
కొమ్మ కొట్టేటప్పుడు కూడా ఒక పద్ధతుంది, మనవాళ్లు కొమ్మ మొండి ముక్క వదిలేస్తారు.

పాలమూరు_తోటమాలి
అవును. కొమ్మ మానును కలిసే చోట చిన్న ఉబ్బు ఉంటుంది చూడండి, ముడతలతో. దాన్ని వదిలి, దానికి ఆనుకుని కోయాలి. అక్కడైతే గాయం చుట్టూ బెరడు మూసుకొస్తుంది. జానెడు మొండి ముక్క వదిలితే అది ఎండి, పుచ్చి, ఆ పుచ్చు మానులోకి దిగుతుంది. లావు కొమ్మైతే ముందు కొంచెం అవతల కింది నుంచి గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోసి బరువు దించుకోవాలి. లేకపోతే విరిగి, మాను బెరడంతా చీరుకుంటూ వస్తుంది. తల నరకడం మాత్రం ఒప్పుకోవద్దు. నరికిన చోట గుత్తులుగా లేచే చిగుళ్లకు పట్టుండదు, పెరిగాక గాలికి విరిగేవి అవే.

పద్మావతి_అక్క
మేకులు కూడా పీకించండి. మా వీధి వేపకు ట్యూషన్ సెంటర్ల బోర్డులే. పండక్కి సీరియల్ సెట్లు చుట్టి విప్పరు, తీగ మానులోకి దిగిపోయింది. ఆ మాటంటే నన్నే చాదస్తం అంటారు.

బోటనీ_మాస్టారు
అక్కయ్య గారూ, ఈ మాటలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను.

కానుగనీడ
ధన్యవాదాలండీ. అర్జీ ఇచ్చాను, రసీదు తీసుకున్నాను. రసీదు ఫోటో కాలనీ గ్రూపులో పెట్టగానే పక్కింటాయన మాట మార్చాడు. ఇప్పుడు కొట్టేయాలి అనడం లేదు, కొంచెం తగ్గించాలి అంటున్నాడు. ఎంత తగ్గించాలంటే, సరిగ్గా కారు పైభాగం వరకట. ఇంకో సంగతి, సిమెంటు పగలగొట్టాలంటే రోడ్డు పాడుచేశానని ఆయనే తిరిగి నా మీద ఫిర్యాదు పెడతాడేమో అని టెన్షన్‌గా ఉంది. పాదు కోసమని దానికీ విడిగా అర్జీ ఇవ్వాలా? కొమ్మలకెంత అవుతుందో కూడా ఎవరూ చెప్పలేదు.

రూలంటే_రూలే
ఇవ్వండి. రెండో అర్జీలో మొదటి దాని నంబరు రాయండి.

లైన్‌మన్_గారబ్బాయి
డిపార్టుమెంటు కొడితే మీకు ఖర్చు లేదు. కొట్టిన కొమ్మలు ఎత్తుకుపోయేది మాత్రం వాళ్లు కాదు, ఆటో ట్రాలీ మీరే మాట్లాడుకోవాలి. బేరం ముందే చేసుకోండి, కొమ్మలు రోడ్డుకడ్డంగా పడ్డాక అడిగితే రేటు రెట్టింపు.

బుల్లెట్_భాయ్
ట్రాలీ ఎందుకు, మేకలున్నవాళ్లకు ఫోన్ కొట్టండి.

పాలమూరు_తోటమాలి
కానుగాకు మేక తినదు భాయ్.

గేటెడ్_గోపన్న
మరి మా చెట్టును మేక తినదంటే తప్పు పట్టారు, కానుగను తినకపోతే ఒప్పా?

నిర్వాహకుడు
గోపన్న గారూ, పేరెత్తకుండా తప్పించుకున్నారు. ఇదే ఆఖరు.

కొత్తసభ్యురాలు_09
నమస్తే అండీ. మా ఇంటి ముందు మునగ చెట్టు మాను నిండా గొంగళి పురుగులు పట్టాయి, పిల్లలకు దద్దుర్లు వస్తున్నాయి. ఇక్కడే అడగొచ్చా, కొత్త చర్చ మొదలుపెట్టాలా?

పాలమూరు_తోటమాలి
ఇక్కడే అడగండమ్మా. పగలు మాను మీద గుంపుగా ఉంటాయి, రాత్రి ఆకుల్లోకి పోతాయి. కాగడా పెట్టి కాల్చమని ఎవరైనా అంటే మాత్రం వినకండి, మునగ బెరడు మెత్తన, చెట్టు చస్తుంది. ఫోటో పెట్టండి.